ఏడున్నర సీరియల్, పదహారు పువ్వులు

సంపూర్ణమ్మ ఎడమ చూపుడువేలికి దారం రెండు చుట్లు చుట్టి, కుడిచేతి కొక్కెం సూదితో మొదటి గొలుసు ముడి లాగింది. ఎనిమిది గొలుసులు కలిపి చిన్న ఉంగరంలా మూసింది. దాని చుట్టూ తొమ్మిది వరసలు అల్లితే నాలుగు మూలలున్న లేసు పువ్వు ఒకటి తయారవుతుంది. ఆ పువ్వుని ఎన్ని వేలసార్లు అల్లిందో ఆమెకే తెలియదు. అయినా ఆ ఉదయం మూడో వరస కాగానే చెయ్యి ఆపి, పువ్వుని బల్లమీద పెట్టి అరచేత్తో రాసి చూసింది.

"ఇదీ బిగిసిందే అమ్మాయ్" అంది.

"మళ్ళీనా పిన్నిగారూ?" అంది పక్క కుర్చీలోంచి తబిత.

"మళ్ళీనే." సూది తీసేసి దారం కొస పట్టుకుని లాగింది. మూడు వరసలూ గిర్రున విడిపోయి ఒళ్ళో పడ్డాయి.

చుట్టూ నిలబడి చూస్తున్న తెల్లవాళ్ళలో ఒక పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్ళముందే ఇల్లు కూలినట్టు. అది జర్మనీ. నవంబరు నెల. రైతుబజారు కంటే నాలుగింతలున్న హాల్లో దేశదేశాల చేతిపనుల సంత జరుగుతోంది. శనివారం మొదలై పై ఆదివారంతో ముగిసే తొమ్మిది రోజుల సంత. నరసాపురం లేసుకి అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చారు.

ఆ బల్లమీద గుడ్డ ఒకటి పరిచి ఉంది. ఎనిమిది పువ్వులు పొడుగు, ఎనిమిది పువ్వులు వెడల్పు రావలసిన బల్లగుడ్డ. అంచు చుట్టూ నలభై ఎనిమిది పువ్వులు అతికి ఉన్నాయి. నడుమ నాలుగుకి నాలుగు పువ్వుల మేర ఖాళీ. కిటికీ చట్రంలా ఉందది. ఆ ఖాళీలో సరిపోయే పదహారు పువ్వులు సంపూర్ణమ్మ ఇక్కడే, అందరూ చూస్తుండగా అల్లి అతకాలి.

అలా కోరింది హైకె అనే ఆవిడ. ఆ ఊళ్ళో ఇంటి గుడ్డల కొట్టుంది ఆవిడకి. కిందటేడు ఎవరి దగ్గరో తెప్పించుకున్న లేసు ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయిందట. ఈసారి తబిత నడిపే లేసు సంఘం పేరు విని ఉత్తరం రాసింది. "నడుమ భాగం నా కళ్ళముందు చెయ్యండి. చివరి ఆదివారం సాయంత్రం ఐదింటికి వస్తాను. గుడ్డ బల్లమీద చదునుగా పడుకుంటే అలాంటివి రెండు వందలు నాకు కావాలి" అని. రెండు వందల గుడ్డలంటే సంఘంలోని పదకొండు మంది ఆడవాళ్ళకీ ఏడాదంతా సొంత పని. గుడ్డ చదునుగా పడుకోకపోతే, మళ్ళీ షావుకారు గుమ్మం ముందు నిలబడి దారం తూకం వేయించుకుని కూలికి అల్లడమే. ప్రయాణం రోజు ఆ పదకొండు మందీ సంపూర్ణమ్మని సాగనంపడానికి నరసాపురం స్టేషన్‌కి వచ్చారు.

సంపూర్ణమ్మది నరసాపురం పక్కన చిన్న ఊరు. వయసు యాభై మూడు. ఎనిమిదో ఏట తల్లి పక్కన కూర్చుని సూది పట్టింది. లేసులో రెండు రకాల మనుషులుంటారు. పువ్వులు అల్లేది చేతిపని. పదిమంది అల్లిన పువ్వులు తెచ్చి ఒక గుడ్డగా కలిపేది అతుకుపని. అతుకుపని అందరికీ రాదు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. కోపంలో ఉన్న మనిషి పువ్వు ఒకలా ఉంటుంది, జ్వరంలో ఉన్న మనిషిది ఒకలా. అవన్నీ సర్ది ఒక్క చేతి పనిలా కనిపించేటట్టు చెయ్యాలి. సంపూర్ణమ్మ పువ్వు పట్టుకుని ఎవరిదో చెప్పేస్తుంది. ఆమె భర్త చిట్టియ్య రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తాడు. భార్య గురించి ఆయన చెప్పే ఒకేఒక గొప్ప ఏమిటంటే, పాస్‌పోర్టుకి భీమవరం వెళ్ళినప్పుడు అక్కడి మిషను సంపూర్ణమ్మ ఎడమ చూపుడువేలి ముద్ర తీసుకోలేకపోవడం. నలభై ఐదేళ్ళు దారం రాసి రాసి ఆ వేలిమీద గీతలే లేవు. "మా ఆవిడ వేలిని గవర్నమెంటు కూడా పట్టుకోలేకపోయిందండి, ఆయ్" అని చెరువు గట్టుమీద అందరికీ చెప్పుకున్నాడు.

అలాంటి చెయ్యి ఇక్కడ బిగుస్తోంది. మొదటి పువ్వు పూర్తిగా అల్లి, చట్రంలో పెట్టి చూస్తే మూలకి గోరుమందం తగ్గింది. ఆమె దాన్ని విప్పకుండా సంచిలో పడేసింది. తర్వాతివి మధ్యలోనే తెలిసిపోయి విప్పేసింది.

"చలికేమోనండి" అంది తబిత.

"హాల్లో చలేదే? చెమట పడుతుంటే."

"మరి ఇంతమంది చూస్తున్నారనా?"

"వాళ్ళు చూడడం కాదే. నేను చూస్తున్నాను." సంపూర్ణమ్మ తన చేతుల్నే అనుమానంగా చూసుకుంది. "ఇంటిదగ్గర నేనెప్పుడు చూశాను సూదిని? కళ్ళు టీవీ మీద ఉంటాయి. చెయ్యి దాని పాటికి అది పోతుంది. ఇక్కడ చూడ్డానికి ఇంకేం లేక చేతినే చూస్తుంటే, కొత్తకోడల్లా బిగుసుకుపోతోందిది."

తబితకి ఇరవై తొమ్మిదేళ్ళు. బీకామ్ చదివింది. వాళ్ళమ్మ కూడా సంఘంలో లేసు మనిషే. కాబట్టి ఆమె నవ్వలేదు. ఫోన్ తీసింది.

"ఏడున్నర సీరియల్ పెట్టనా?"

"ఇక్కడ వస్తుందా?"

"మనం వీళ్ళకంటే నాలుగున్నర గంటలు ముందండి. మనకి ఏడున్నర అంటే వీళ్ళకి మధ్యాహ్నం మూడు. ఈ రోజు శనివారమే కదా, ఉంటుంది."

మూడింటికి ఫోన్ బల్లమీద నిలబెట్టి, ఊళ్ళో వాడే యాప్ తెరిచింది. సీరియల్ బొమ్మ వచ్చింది. దానిమీద నొక్కగానే తెర నల్లబడి, 'మీరున్న ప్రాంతంలో ఈ కార్యక్రమం అందుబాటులో లేదు' అని ఇంగ్లీషులో రాసుకొచ్చింది.

"ఏమంటోంది?" అంది సంపూర్ణమ్మ.

"ఇక్కడ చూపించదటండి."

"మన సీరియల్‌ని వాళ్ళు చూపించకపోవడమేంటే? నాలుగేళ్ళుగా చూస్తున్నాను నేను!"

"వాళ్ళకి మీరు తెలియదుగా పిన్నిగారూ. ఫోన్ ఏ దేశంలో ఉందో చూస్తుందంతే."

ఆదివారం కూడా అలాగే గడిచింది. అల్లిన రెండు పువ్వులూ సాయంత్రానికి దారమైపోయాయి. తబిత మాత్రం భోజనం కూడా మరిచిపోయి ఫోన్‌తో కుస్తీ పట్టింది. పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఆ చానెల్‌కే వేరే యాప్ ఉందని, నెలకింతని డబ్బు కట్టుకుంటే అన్ని సీరియళ్ళూ వస్తాయని కనిపెట్టింది. కట్టింది.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి బల్లమీద ఫోన్లో సీరియల్ పాట మొదలైంది. తెరమీద ఇంటి పెద్దకోడలు వసుంధర వంటగదిలో కళ్ళు తుడుచుకుంటోంది. సంపూర్ణమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. చేతులు ఒళ్ళోకి దిగాయి. సూది కదలడం మొదలుపెట్టింది. తబిత ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. రెండు రోజులుగా రాయిలా ఉన్న వేళ్ళు చేపపిల్లల్లా ఆడుతున్నాయి.

"ఆ ఆడపడుచుని చూడవే, ఎలా నవ్వుతోందో. దానికి రోజులు దగ్గర పడ్డాయి" అంది సంపూర్ణమ్మ, సూది ఆపకుండా.

ఆ రోజు నాలుగు పువ్వులయ్యాయి. యాప్‌లో పాత ఎపిసోడ్లు కూడా ఉన్నాయి గనక, ఏడున్నర సీరియల్ అయిపోగానే తబిత ఇంకోటి పెట్టేది. మంగళవారం నాలుగు, బుధవారం నాలుగు. మొదటి రోజు భయం ఇంకా పోలేదు కాబట్టి సోమవారం పువ్వుల్ని ప్రతి వరసకీ ఆపి లెక్కచూసుకుంది. మంగళవారం ధైర్యం వచ్చింది. చెయ్యి తేలికైంది. ఇక లెక్క చూడలేదు.

గురువారం పొద్దున్నే అతుకుపని మొదలుపెట్టింది. సోమవారంనాటి నాలుగూ చట్రంలో మూలకి పెట్టి అతికింది. సరిపోయాయి. వాటి పక్కన మంగళవారంవి పెట్టింది. కొంచెం పొంగినట్టనిపించింది. బుధవారంవి కూడా పెట్టి, పన్నెండింటినీ పిన్నీసులతో గుచ్చి, గుడ్డ మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకుని అటునుంచి ఇటు రాసింది. గుడ్డ చదునో కాదో చూడ్డానికి ఆమె వాడే కొలబద్ద ఆ అరచెయ్యే. నడుమకి రాగానే చెయ్యి గట్టెక్కినట్టు పైకెక్కింది, అవతల దిగింది.

వరసలు లెక్కపెట్టింది. తొమ్మిది ఉండాల్సినచోట పది. ఇంకోదానికీ పది. ఎనిమిది పువ్వులకీ పదే.

తబిత మొహం పాలిపోయింది. "ఎనిమిదా? ఇంకా నాలుగు అసలు మొదలే పెట్టలేదు. పన్నెండు పువ్వులండి, మూడు రోజుల్లో!"

"అరవకు. అందరూ చూస్తున్నారు."

"తెలుగులో అరిస్తే వాళ్ళకేం తెలుస్తుంది?"

"మొహం తెలుస్తుందిగా." సంపూర్ణమ్మ పిన్నీసులు తీస్తూ అంది, "నలభై ఐదేళ్ళలో ఒక్క వరస ఎక్కువ వెయ్యలేదే నేను. ఎనిమిదింటికి ఎలా వేశాను?"

పదకొండింటికి అచ్చాయమ్మ ఫోన్ చేసింది. సంపూర్ణమ్మ ఇంటికి ఎదురిల్లు ఆవిడది. అరవై ఐదేళ్ళ మనిషి, పొలాలున్న ఇల్లు. పాతికేళ్ళ కిందట ఆ వీధిలో మొదటి రంగుల టీవీ వాళ్ళ సావిట్లోకే వచ్చింది. అప్పట్నుంచీ సాయంత్రాలు లేసు ఆడవాళ్ళందరూ అక్కడే. ఇప్పుడు అందరిళ్ళల్లోనూ టీవీలున్నాయి, అయినా ఏడున్నరకి అక్కడికే వస్తారు.

"ఎలా ఉందే దొరల దేశం?" అంది అచ్చాయమ్మ. "కూర్చోబెట్టి మేపుతున్నారా?"

"బాగానే ఉంది వదినా. రొట్టె కొయ్యాలంటే రంపం కావాలి. అది సరే, పువ్వులు పాడైనాయి."

"నీ చేతిలోనా?"

"నా చేతిలోనే."

ఇలాంటప్పుడు మాట మార్చడం అచ్చాయమ్మ పద్ధతి. "అది పోనీలే. నిన్న ఏడున్నర సీరియల్ మధ్యలో ఆ కొత్త కాఫీపొడి యాడ్ చూశావా? అందులో ముసలాడు అచ్చం మా ఆయన బావమరిదిలాగే లేడూ? మా కోడలు సూర్యకళ పడిపడి నవ్వింది."

"యాడ్లెక్కడివి వదినా? ఇక్కడ యాడ్లు రావు. డబ్బు కట్టిన యాప్ కదా, సీరియల్ ఒక్కటే, పాటనుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా వచ్చేస్తుంది."

"యాడ్లు రావా?" అంది అచ్చాయమ్మ. తర్వాత గొంతు మారింది. "మరి నువ్వు లెక్క ఎప్పుడెట్టుకుంటున్నావే?"

సంపూర్ణమ్మ రెండో చేత్తో పది వరసల పువ్వొకటి ఎత్తి చూసింది.

ఆ లెక్క కథ పాతది. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు సావిట్లో కూర్చుని అల్లుతూ వరసలు పైకే లెక్కపెట్టేవారు. ఒకరి లెక్క ఇంకొకరి లెక్కకి అడ్డం, అందరి లెక్కా డైలాగులకి అడ్డం. ఒకరోజు అచ్చాయమ్మ టీవీ ఆపేసి చెప్పింది: "నా ఇంట్లో లెక్కలు యాడ్లలోనే పెట్టుకోవాలి. సీరియల్ నడుస్తున్నంతసేపూ ఒక్క నోరు లేవకూడదు. లేచిందా, బయటికి." టీవీ ఆవిడది. అందరూ విన్నారు. సావిట్లో మొదలైన అలవాటు వేళ్ళలోకి దిగింది. మూడు వరసలు అల్లేటప్పటికి యాడ్లు వస్తాయి. ఒకటి తక్కువైతే ఆ యాడ్లలోనే అల్లేస్తారు, ఎక్కువైతే విప్పేస్తారు, అక్కడికి లెక్క సరిపోయినట్టు గుర్తుగా పిన్నీసు గుచ్చుకుంటారు. మళ్ళీ మూడు, మళ్ళీ యాడ్లు. ఒక సీరియల్‌కి ఒక పువ్వు. పాతికేళ్ళు అలా అల్లిన చెయ్యి, ఆపమని చెప్పేవాళ్ళు లేక, మంగళవారం నుంచి ఆగకుండా పోయింది.

సంగతి విని తబిత తల పట్టుకుంది. "ప్రపంచమంతా యాడ్లు వద్దు బాబోయ్ అని డబ్బు కడుతుంటే, మాకేమో యాడ్లు కావాలి. నేను ఏరి కోరి యాడ్లు లేనిది కొన్నాను!"

"నీకేం తెలుసు? నాకే తెలియలేదు."

తబిత పక్కన కూర్చుని తను లెక్కపెడతానంది. మూడు వరసలు కాగానే భుజం తట్టింది. సంపూర్ణమ్మ ఉలిక్కిపడింది. ఆ పిల్ల ఎప్పుడు తడుతుందోనని రెండోసారి ముందే చూసుకుంది. పువ్వు బిగిసింది. సీరియల్‌ని మధ్యమధ్యలో ఆపి చూశారు. తెరమీద వసుంధర నోరు తెరిచి అలాగే ఉండిపోతే సంపూర్ణమ్మకి నవ్వొచ్చి దారం జారింది.

ఉపాయం అచ్చాయమ్మే మళ్ళీ ఫోన్ చేసి చెప్పింది. "మా టీవీ ముందు నా ఫోన్ పెడతాను. వీడియోలో చూసుకో. యాడ్లూ వస్తాయి, మేమూ ఉంటాం."

ఆ సాయంత్రం ఊళ్ళో ఆరింటికి, జర్మనీలో ఒంటిగంటన్నరకి, అచ్చాయమ్మ సావిడి బల్లమీద ఫోన్లోకి వచ్చింది. మొదట కనిపించింది తిరుగుతున్న ఫ్యాను.

"వదినా, ఫ్యాను చూపిస్తున్నావు."

"సూర్యకళా! ఫోన్ దించవే, పిన్ని ఫ్యాను సీరియల్ చూస్తోంది!"

అచ్చాయమ్మ కోడలు సూర్యకళ ఫోన్‌ని మరచెంబుకి ఆనించింది. ఈసారి టీవీ సగం, అచ్చాయమ్మ జుట్టుముడి సగం కనిపించాయి.

"అత్తయ్యా, మీరు పక్కకి జరగండి."

"నా ఇంట్లో నేను జరగాలా?"

"జర్మనీకి అడ్డమొస్తున్నారు మరి."

సావిట్లో నవ్వులు. టీవీ ముందు గోడవారగా తొమ్మిది మంది ఆడవాళ్ళు, అందరి చేతుల్లోనూ దారాలు. సీరియల్ మొదలైంది. సంపూర్ణమ్మ సూది మొదలైంది. కొంతసేపటికి ఫోన్లోంచి సబ్బుల యాడ్ పాట వినిపించింది. సావిడంతా ఒక్కసారి తలలు దించింది. ఇక్కడ సంపూర్ణమ్మ తల కూడా దిగింది. మూడు వరసలు. పిన్నీసు గుచ్చింది. యాడ్లు అయిపోయాయి, తల లేచింది. తబిత చూస్తూ ఉండిపోయింది. సంత హాల్లో మనుషులు ఆగి, ఫోన్లోని సావిడినీ ఈ మనిషినీ మార్చి మార్చి చూస్తున్నారు.

మూడున్నరయ్యేసరికి నాలుగు పువ్వులు. నాలుగింటికీ తొమ్మిదేసి వరసలే.

శుక్రవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా హైకె వచ్చింది. పొడుగాటి మనిషి, కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. సంపూర్ణమ్మ ఫోన్లోకి చూస్తూ అల్లుతోంది. హైకె కాసేపు చూసి, కనుబొమలు ముడిచి తబితతో ఏదో అంది.

"ఏమంటున్నారు హైకమ్మగారు?" అంది సంపూర్ణమ్మ, కళ్ళు తిప్పకుండా.

"ఫోన్ చూస్తూ చేస్తే పనిమీద మనసెలా ఉంటుందని అడుగుతున్నారండి." తబిత గొంతు తగ్గించింది. "పాతికేళ్ళ అలవాటని నేను చెప్పనా?"

"నువ్వేం చెప్పకు. యాడ్లు రానీ."

యాడ్లు వచ్చాయి. సంపూర్ణమ్మ లెక్క చూసుకుని, పిన్నీసు గుచ్చి, అప్పుడు సంచిలోంచి మొదటి రోజు బిగిసిపోయిన పువ్వు తీసింది. నిన్నటి పువ్వు ఒకటి దానిపక్కన పెట్టి, రెండూ హైకె చేతికిచ్చింది. మొదటిదాన్ని వేలితో తాకి, తన రెండు కళ్ళూ చూపించి, చేతులవైపు చూపు నిలిపి బిగుసుకున్నట్టు అభినయించింది. రెండోదాన్ని తాకి ఫోన్ చూపించింది.

హైకె కళ్ళజోడు పెట్టుకుంది. రెండు పువ్వుల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురులోకి ఎత్తింది. వేళ్ళతో సాగదీసింది. చాలాసేపు చూసింది. అంతలో ఫోన్లోంచి అచ్చాయమ్మ కేకేసింది.

"ఎవరే ఆవిడ, మంచి ఎత్తుగా ఉంది?"

"గుడ్డ కొనే ఆవిడ వదినా. ఊరుకో."

"నమస్కారమండీ!" అని అచ్చాయమ్మ సావిట్లోంచే రెండు చేతులూ ఎత్తింది. వెనక తొమ్మిది మందీ దారాలతో సహా చేతులెత్తారు. హైకె తత్తరపడి తనూ చెయ్యెత్తింది. రెండు పువ్వులూ తిరిగిచ్చేసి, "ఆదివారం, ఐదింటికి" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

"ఏమీ చెప్పలేదండి ఆవిడ" అంది తబిత దిగులుగా.

"చెప్పేది గుడ్డ కదే, ఆవిడేం చెప్తుంది" అని సంపూర్ణమ్మ సూది అందుకుంది.

శుక్రవారం నాలుగు అయ్యాయి. శనివారం మూడు అయ్యాయి. మిగిలింది ఒక్కటి, ఏడున్నర సీరియల్‌ది. ఆ రోజు వసుంధర తన కొడుకు ఎవరో నలుగురిలో చెప్పబోతోంది. సావిట్లో గాలి కూడా ఆడటం లేదు. మొదటి మూడు వరసలూ అల్లింది, యాడ్లు వచ్చాయి, లెక్క సరిపోయింది. సీరియల్ మళ్ళీ మొదలైంది. వసుంధర నోరు తెరిచింది.

ఫోన్ తెర నల్లబడింది.

"కరెంటు పోయిందే!" అని చీకట్లోంచి అచ్చాయమ్మ గొంతు. ఫోన్ బతికే ఉంది, టీవీ ఒక్కటే పోయింది. ఎవరో టార్చి వేశారు. గోడమీద నీడలు కదిలాయి.

తబిత కంగారుగా తన యాప్ తెరవబోయింది. "వద్దు, వద్దు. దాంతోనేగా మునిగింది" అని సంపూర్ణమ్మ ఆపింది. సూది చేతిలో ఆగింది. కళ్ళు చేతిమీదకి దిగబోతున్నాయి. రేపు పొద్దున్న సీరియళ్ళుండవు, ఆదివారం. ఈ పువ్వు ఇప్పుడే అవ్వాలి.

"వదినా" అంది. "యాడ్లు రాకపోతే ఎలా?"

"నేనుండగా యాడ్లు రాకపోవడమేంటే? సూర్యకళా, నీ చేతిలో ఉన్నది ఎన్నో వరస?"

"నాలుగోది మొదలెట్టానండి అత్తయ్యా. పిన్నిగారితోపాటే."

"అయితే నీది ఆరు కాగానే కేక వెయ్యి. అదే యాడ్. ఇక వినండి. వసుంధర అంది కదా, 'మామయ్యగారూ, ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ నేను నోరు మూసుకున్నది ఎవరికోసం?' అంది. ముసలాయన కుర్చీలోంచి లేచాడు. ఆ ఆడపడుచు మొహం, మాడిన అప్పడంలా అయింది."

"నగలు పెట్టుకునే ఉందా పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"అది నిద్రలో కూడా నగలు తియ్యదు. కొడుకొచ్చాడు. వర్షం కూడా వచ్చింది."

"ఇంట్లోనా అత్తయ్యా?"

"కిటికీ తెరిచి ఉందే, నోరు మూసుకో."

సంపూర్ణమ్మ నవ్వుతోంది. కళ్ళు ఫోన్లోని చీకటిమీద ఉన్నాయి. చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి. అవతల చీకట్లో కూడా ఎవరూ పని ఆపలేదని సూదుల చప్పుడు వినకపోయినా ఆమెకి తెలుసు. లేసుకి దీపం అక్కర్లేదు.

"యాడ్!" అని అరిచింది సూర్యకళ. ఒకామె సబ్బు పాట అందుకుంది, మిగతావాళ్ళు కాఫీపొడి ముసలాడిలా దగ్గారు. సంపూర్ణమ్మ తల దించి చూసుకుంది. ఆరో వరస చివరి గొలుసు మీద ఉంది సూది. పిన్నీసు గుచ్చింది.

తొమ్మిదో వరస అయ్యేటప్పటికి వసుంధర కథలో ఇద్దరు చచ్చి బతికారు. అప్పటికీ కరెంటు రాలేదు. సంపూర్ణమ్మ పువ్వుని ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూపించింది.

"అయింది వదినా. పదహారోది."

"సరేలే, పడుకునేముందు కాళ్ళకి కొబ్బరినూనె రాసుకో, ఆ చలికి పగుల్తాయి" అంది అచ్చాయమ్మ.

ఆ సాయంత్రమే బసలో కూర్చుని మిగతా పన్నెండు పువ్వుల్నీ చట్రంలోకి అతికింది. ఆదివారం పొద్దున్న గుడ్డ తడిపి, పలుచని గంజిలో ముంచి, తబిత ఎక్కడినుంచో తెచ్చిన పెద్ద థర్మకోల్ అట్టమీద పరిచింది. ప్రతి మూలకీ పిన్ను గుచ్చింది. గోడ హీటరు పక్కన మూడింటికల్లా ఆరింది.

"వసుంధర నిజంగా ఏమందో యాప్‌లో చూపించనా?" అని తబిత అడిగింది.

"వద్దులే. అచ్చాయమ్మొదిన చెప్పిందే బాగుంది."

ఐదింటికి హైకె వచ్చింది. సంపూర్ణమ్మ పిన్నులన్నీ తీసి, గుడ్డని బల్లమీద వేసింది. ఎక్కడ చట్రం ఆగిందో, ఎక్కడ నడుమ భాగం మొదలైందో తబితకి తెలియలేదు. హైకె వంగి చూసింది. వెనక్కి తిప్పి అతుకులు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసేసి, కళ్ళు మూసుకుని, గుడ్డ మీద అరచెయ్యి వేసింది. ఆ పని చేస్తుండగా సంపూర్ణమ్మని ఎప్పుడు చూసిందో ఏమో. చెయ్యి ఈ మూలనుంచి ఆ మూలకి మెల్లగా వెళ్ళింది. ఎక్కడా ఎక్కలేదు. ఎక్కడా దిగలేదు. తిరిగి వచ్చింది.

కళ్ళు తెరిచి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రెండు వందలని అంకె వేసి తబితకి చూపించింది. తబిత చదివి, బల్ల కింద సంపూర్ణమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదలవే, ఇంకా కొస ఉంది" అంది సంపూర్ణమ్మ. మూల దగ్గర వేలాడుతున్న దారాన్ని లోపలికి దోపి, కత్తెరతో తెంపింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. పైన వచ్చిన పువ్వు పదహారోది. దాన్ని ఒకసారి అరచేత్తో సర్ది, రెండు చేతులతో హైకె చేతుల్లో పెట్టింది.